కొరియా తెర మీద కటికోళ్ల కొడుకు - మన తెర మీద ఎవరు?

కృష్ణా డెల్టాలో మాలపల్లెకి పోయినా, మాదిగగూడేనికి పోయినా కుర్రాళ్ల చేతుల్లో, ఆడపిల్లల చేతుల్లో ఇప్పుడు కొరియా సినిమాలు ఆడుతున్నాయి. తెలుగు మాటలు అతికించినవి కొన్ని, కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తేవి కొన్ని. పెద్దవాళ్లకి ఇది మింగుడు పడటం లేదు. "ఆ తెల్లమొహాల పిచ్చేంటే నీకు" అని తల్లులు. "మీటింగుకి రమ్మంటే తీరిక లేదంటారు, అవి చూడ్డానికి మాత్రం తెల్లార్లూ మేలుకుంటారు" అని మన కార్యకర్తలు. ఫోన్లు లాక్కోవాలనే వాళ్లు కూడా ఉన్నారు. లాక్కునేది ఎప్పుడూ ఆడపిల్ల దగ్గరే, అది వేరే సంగతి.

ఈ పత్రిక మాట వేరు. పిల్లల్ని తిట్టేముందు వాళ్లు ఏం చూస్తున్నారో చూడాలి గదా. చూశాం. చూసి చెప్తున్నాం: అందులో మనం ఉన్నాం. మన పేరుతో కాదు, మన భాషతో కాదు. అయినా ఉన్నాం. తెలుగు సినిమా పుట్టి తొంభై ఏళ్లు దాటినా నిలబెట్టని మనిషిని కొరియావాళ్లు కథకి నడిమధ్యన నిలబెట్టారు. వాళ్లకెట్లా కుదిరింది? మనకెందుకు కుదరలేదు? తేల్చుకోవాల్సింది ఇదే.

కొరియాలో కులం ఎక్కడిది అని అడుగుతారు. ఉండేది. చోసన్ రాజ్యం 1392లో మొదలై ఐదు వందల ఏళ్లు నడిచింది. పైన యాంగ్‌బాన్ అనే దొరలు. భూమి, చదువు, కొలువు వాళ్లవి. కింద నోబి అనే బానిసలు. పుట్టుకతోనే బానిసలు. అమ్మొచ్చు, కొనొచ్చు, కొడుకులకి ఆస్తిలో పంచివ్వొచ్చు. వాళ్లకన్నా హీనంగా చూసింది బేక్‌జోంగుల్ని. పశువుల్ని కోసేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు, బుట్టలల్లేవాళ్లు. ఊరికి ఎడంగా వాళ్ల వాడ. పట్టుబట్ట కట్టకూడదు. పెంకుటిల్లు కట్టకూడదు. పెద్దమనుషులు పెట్టే టోపీ పెట్టకూడదు. పెళ్లికి పల్లకీ ఎక్కకూడదు. ఎదటివాడు చిన్నపిల్లాడైనా తల వంచి మాట్లాడాలి. ఇవన్నీ మన తాతలు చెప్పినట్టే లేవూ? చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటినవాళ్ల మనవళ్లం మనం. మనకి వేరే అర్థం చెప్పాలా?

ఇప్పుడు ఆ మనుషులు తెర మీద ఎట్లా ఉన్నారో చూడండి.

'మిస్టర్ సన్‌షైన్' అని 2018లో వచ్చిన సీరియల్. ఇందులో హీరో బానిసల కొడుకు. చిన్నప్పుడే కళ్ల ముందు దొర వాళ్ల నాన్నని చంపిస్తాడు, తల్లి బావిలో దూకుతుంది. పిల్లాడు పారిపోయి అమెరికా ఓడెక్కుతాడు. పెద్దయ్యాక అమెరికా సైన్యంలో అధికారిగా అదే ఊరికి తిరిగొస్తాడు. అక్కడ దొరల ఇంటి ఆడపిల్ల దేశాన్ని జపాను నుంచి కాపాడాలని తుపాకీ పట్టింది. ఆమెని అతను ఒక్కటే అడుగుతాడు: నువ్వు కాపాడే దేశంలో ఎవరు బతకొచ్చు, కటికవాడు బతకొచ్చా, బానిస బతకొచ్చా అని. ఆ పిల్ల దగ్గర జవాబు ఉండదు. 1931లో బొంబాయిలో బాబాసాహెబ్ గాంధీ మొహాన అడిగింది ఇదే గదా. కుక్కకన్నా, పిల్లికన్నా హీనంగా చూసే నేలని నా దేశమని ఎట్లా అనుకోను అన్నాడు. ఆ ప్రశ్నని కొరియావాళ్లు ఇంటింటికీ చేరే ప్రేమకథలో పెట్టారు. మన సినిమా దేశభక్తి గురించి లెక్కలేనన్ని పాటలు కట్టింది. ఈ ప్రశ్న మాత్రం అడగలేదు.

అదే సీరియల్లో ఇంకొకడున్నాడు, కటికోళ్ల కొడుకు. చావుదెబ్బలు తిన్న పిల్లాణ్ని దొరల పిల్ల తన పల్లకీలో దాచి కాపాడుతుంది. వాడు దండం పెట్టడు. సుఖం ఎక్కువై బతికే దొరలబిడ్డవి నువ్వు అని మొహం మీదే అంటాడు. కాపాడినవాళ్లకి కాళ్లు మొక్కని కటికోళ్ల పిల్లాడు! మన తెర మీద ఇట్లాంటివాణ్ని ఎన్నిసార్లు చూశాం?

'ది టేల్ ఆఫ్ లేడీ ఓక్' 2024 చివర్లో వచ్చింది. కథానాయిక బానిస. ఆమెకి యజమానులు పెట్టిన పేరుకి అర్థం పురుగు. పారిపోయి, చనిపోయిన ఒక దొరసాని పేరు తగిలించుకుని, పేదల తరపున న్యాయం మాట్లాడే మనిషవుతుంది. ఎప్పుడు బయటపడుతుందోనని ప్రతిరోజూ భయమే. బెజవాడలో అద్దె ఇంటికోసం ఇంటిపేరు మింగేసినవాళ్లకి, ఆఫీసులో "మీరేవిట్లు?" అని అడిగితే మాట మార్చినవాళ్లకి ఆ భయం తెలుసు.

'అప్‌రైజింగ్' అనే సినిమా కూడా 2024దే. దొర కొడుకూ బానిస పిల్లాడూ కలిసి పెరుగుతారు. కత్తిసాములో దొర కొడుకు తప్పు చేస్తే దెబ్బలు బానిస పిల్లాడు తినాలి. పెద్దయ్యాక దొర కొడుకు పేరుతో పరీక్ష రాసి గెలిచేదీ బానిసే. నీకు విముక్తి ఇస్తామని చెప్పి మాట తప్పేది దొరలు. 1592లో జపాను దండెత్తితే రాజు రాజధాని వదిలి పారిపోయాడు. అప్పుడు బానిసలు బానిస చిట్టాలున్న కచేరీని తగలబెట్టారని కొరియా చరిత్రలో రాసుకున్నారు. శత్రువు వస్తున్నా ముందు తగలబెట్టింది తమ పేర్లున్న కాగితాన్ని. ఎవరికి ఎవరు శత్రువో వాళ్లకి బాగా తెలుసు.

ఇక 2019లో వచ్చిన 'పారసైట్'. ప్రపంచమంతా తిరిగి 2020లో నాలుగు ఆస్కార్లు తెచ్చుకుంది. సగం నేలలో దిగబడ్డ ఇంట్లో ఉండే కుటుంబం ధనవంతుల ఇంట్లో పనికి చేరుతుంది. బట్టలు మారుస్తారు, మాట మారుస్తారు. మారనిది వాసన. కారు నడిపేవాడి వాసనకి యజమానురాలు ముక్కు మూసుకుని అద్దం దించుతుంది. చివరికి ఆ ముక్కు మూసుకోవటం దగ్గరే హత్య జరుగుతుంది. చాలామంది విమర్శకులు ఇది వర్గం కథ అని రాశారు. మనం చూస్తే ఇందులో అంటు ఉంది. హాస్టలు పిల్లల దగ్గర వాసనొస్తుందని బెంచీ మార్చుకున్న తరగతి గది ఉంది. డబ్బు లేకపోతే ఆకలి వేస్తుంది. వాసన రాదు. వాసన ఎదటివాడి ముక్కులో పుడుతుంది.

ఇవి చూసిన కళ్లతో ఇప్పుడు మన తెర వైపు తిరుగుదాం. తెర కన్నా ముందు హాలు. కృష్ణకి ఆవలి ఒడ్డున, తెనాలి దగ్గర చుండూరు. 1991 జులైలో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు కుర్చీలో ఉన్న అగ్రకుల యువకుడికి తగిలింది. తగిలింది కాలు. దానికి చెల్లించిన వెల ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ప్రాణాలు. నరికి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. డెల్టాలో దళితుడు డబ్బు పెట్టి టికెట్ కొని సినిమా చూడటమంటే ఇదీ. తెర మీద మనం లేకపోవటం ఒక సంగతి. తెర ముందు కూర్చోవటానికి కూడా ప్రాణం పణం పెట్టాల్సొచ్చింది. ఫోనులో ముందు కుర్చీ లేదు, వెనక కుర్చీ లేదు. పిల్లలు ఫోనులో సినిమా చూడటాన్ని తిట్టే పెద్దలు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోవాలి.

మరి మన తెర మీద? 1938లోనే 'మాలపిల్ల' వచ్చింది. గుడవల్లి రామబ్రహ్మం తీశాడు. గుడి ప్రవేశం గురించి, మాలపిల్లకీ బ్రాహ్మణ కుర్రాడికీ ప్రేమ గురించి ఆ రోజుల్లోనే తీసినందుకు ఆయన్ని గౌరవించాలి. కానీ ఆ సినిమా వెనక పెట్టుబడి ఎవరిది? కూచిపూడికి దగ్గర్లోనే ఉన్న చల్లపల్లి జమీందారుది. మరుసటి ఏడాది అదే సారథి సంస్థ 'రైతుబిడ్డ' తీసింది. జమీందార్లని తిట్టే సినిమాకి డబ్బు పెట్టింది జమీందారు. తెర మీద రైతు గెలిచాడు. తెర బయట ఎస్టేటు ఎస్టేటుగానే ఉంది.

ఎనభై ఏళ్లు దాటాక 2020లో 'కలర్ ఫోటో' వచ్చింది. కథ జరిగేది మన బందరులోనే. మంచి సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది. పేద కుర్రాడు, పెద్దింటి పిల్ల, చంపటానికి తిరిగే అన్న. అన్నీ మనకి తెలిసినవే. కానీ అడ్డమొచ్చింది ఏంటి? ఒంటి రంగు అట! బందరులో నల్లగా ఉన్నందుకే మనిషిని చంపుతారా? ప్రేమించిన పాపానికి రైలు పట్టాల మీద తేలిన మన పిల్లల్ని రంగు చూసి చంపారా? 2019లో తమిళంలో 'అసురన్' వచ్చింది. భూమి కోసం, చెప్పుల కోసం దళితుడు పడ్డ కష్టం అందులో ఉంది. దాన్నే 2021లో తెలుగులో 'నారప్ప'గా తీశారు. పెద్ద హీరో వచ్చాడు, కథ వచ్చింది, కులం మాత్రం గొంతు తగ్గించుకుని వచ్చింది. తెలుగు తెరకి రంగు చెప్పటం వచ్చు, పేదరికం చెప్పటం వచ్చు. కులం పేరు చెప్పాలంటే మాత్రం నాలిక మడతపడుతుంది.

ఎందుకని? దర్శకులకి ధైర్యం లేదని తేల్చేయటం తేలిక. అసలు కారణం తెర కింద ఉంది. తెర కింద ఉన్నది నేల. దీనికి మన కూచిపూడికన్నా మంచి ఉదాహరణ లేదు.

ఈ ఊరి పేరు ప్రపంచమంతటికీ తెలుసు. సిద్ధేంద్రయోగి పేరు చెప్పి కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్లు తరతరాలుగా ఆడిన ఆట. ఇరవయ్యో శతాబ్దం దాకా ఆ ఇళ్ల ఆడవాళ్లకే గజ్జె కట్టే హక్కు లేదు, ఇంక మన సంగతి చెప్పేదేముంది. గోల్కొండ తానీషా ఈ ఊరిని భాగవతులకి అగ్రహారంగా ఇచ్చాడని వాళ్లే చెప్పుకుంటారు. అక్కడ ఆగండి. ఆ ఆట అంతకాలం నిలబడింది పాదం గొప్పతనం వల్లే కాదు, పాదం కింద భూమి కూడా ఉంది. అదే డెల్టాలో డప్పు కొట్టినవాడి కింద ఏముంది? చావుకీ జాతరకీ కొట్టాడు. కళాకారుడు అనిపించుకోలేదు, వెట్టివాడు అనిపించుకున్నాడు. కూచిపూడి గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మడితో వాదన పెట్టుకుంటుంది. వినటానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మాటలు రాసిందీ బ్రాహ్మడే, తరతరాలు ఆ వేషం కట్టిందీ బ్రాహ్మడే. గొల్లామె ఎక్కడా లేదు. చల్లపల్లి జమీందారు డబ్బుతో వచ్చిన రైతుబిడ్డ సంగతీ అంతే. భూమి ఎవరిదో కథ వాళ్లది. మన తరపున మాట్లాడేదీ వాళ్లే, ఎంత మాట్లాడాలో నిర్ణయించేదీ వాళ్లే.

ఇప్పుడు కొరియా వైపు చూస్తే లెక్క తేలుతుంది. బానిసత్వాన్ని, పుట్టుక అంతరాల్ని 1894లో చట్టం చేసి రద్దు చేశారు. మన 17వ అధికరణం మాదిరే కాగితం మీద రద్దయింది. బేక్‌జోంగులు ఊరుకోలేదు. పాక్ సోంగ్‌చున్ అనే కటికాయన 1898లో సియోల్‌లో అధికారులూ ప్రజలూ కూడిన పెద్ద సభలో లేచి మాట్లాడాడు. ఆయన కొడుకు పాక్ సోయాంగ్ 1908లో డాక్టరు చదువు పూర్తిచేశాడు. పాశ్చాత్య వైద్యం చదివి కొరియాలో పట్టా తీసుకున్న మొదటి జట్టు ఏడుగురిలో అతనొకడు. 2010లో వచ్చిన 'జేజుంగ్‌వన్' సీరియల్లో హీరో అతని నీడే.

అయినా ప్రభుత్వ రికార్డుల్లో కటికోళ్లని వేరుగా గుర్తుపెట్టటం ఆగలేదు. వాళ్ల పిల్లల్ని బళ్లో చేర్చుకోలేదు. అప్పుడు 1923 ఏప్రిల్‌లో జిన్జు పట్నంలో హ్యోంగ్‌ప్యోంగ్‌సా అనే సంఘం పుట్టింది. ఆ పేరులో ఉన్నది త్రాసు. మాంసం తూచే త్రాసు! రెండు పళ్లేలూ సమంగా నిలబడాలని పెట్టుకున్న పేరు. అవమానం తెచ్చిన పనిముట్టునే జెండా చేసుకున్నారు. ఊళ్లవాళ్లు కోపంతో వాళ్ల దగ్గర మాంసం కొనటం మానేశారు. 1925లో యేచోన్‌లో మూకుమ్మడిగా దాడి చేశారు. సాంఘిక బహిష్కారం అంటే ఏంటో మనకి చెప్పాలా? వాళ్లు దాన్ని తట్టుకుని దేశమంతా శాఖలు పెట్టారు.

ఈ తేదీల పక్కన మన తేదీలు పెట్టి చూడండి. జిన్జు కన్నా ఆరేళ్ల ముందు, 1917లో మన బెజవాడలో సభ జరిగింది. భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. పంచములు అన్న పేరు తీసేసి మేం ఆది ఆంధ్రులం, ఈ నేల మొదటి బిడ్డలం అని ప్రకటించుకున్నది ఆ సభలోనే. మహద్ చెరువు 1927లో. అంటే పోరాటంలో మనం వెనకపడలేదు. ముందే ఉన్నాం. తేడా తర్వాత వచ్చింది.

ఆ తేడా భూమి. దక్షిణ కొరియా 1950లో భూసంస్కరణ అమలుచేసింది. ఒక్కో కుటుంబానికి పరిమితి సుమారు మూడు హెక్టార్లు, అంటే ఏడెకరాల పైచిలుకు. మిగతాది దున్నేవాడికి. ఏడాది పంటకి ఒకటిన్నర రెట్లు ధర, అదీ ఐదేళ్ల వాయిదాల్లో. పక్కన ఉత్తర కొరియాలో 1946లోనే భూమి పంచారు, ఆ భయం కూడా వీళ్ల చేత చేయించింది. అదే 1950లో యుద్ధం వచ్చి జనం చెల్లాచెదురయ్యారు. కాందిశీకుల గుడారంలో దొరెవరో కటికెవరో తెలియకుండా పోయింది. యాంగ్‌బాన్ కింద నేల పోయింది. నేల పోయాక దొరతనం వంశవృక్షం పుస్తకంలో మిగిలింది. అందుకే ఇవాళ అక్కడ బానిసని హీరో చేస్తే హాలు తగలబెట్టటానికి ఎవరూ రారు. తగలబెట్టాల్సిన దొర లేడు.

మన దగ్గర? 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. డెల్టాలో భూమి ఆ చట్టాన్ని బినామీ పేర్లలో దాటేసింది. కూచిపూడి ఉన్న పామర్రు నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడే. ఓటు మనది, సీటు మనది, గట్టు ఎవరిది? కాలవ కింద మాగాణి ఎవరిది? దొర బతికే ఉన్నాడు గనక మన సినిమాలో దొరకి కులం ఉండదు. మనకి ఉండేది రంగు.

అట్లాగని కొరియా మన పాలిట స్వర్గం కాదు. ఆ సినిమాలకి హారతి పట్టమని మేం చెప్పటం లేదు. పాత దొర పోయిన చోట కొత్త దొర కూర్చున్నాడు. 'పారసైట్' వెనక ఉన్నది సీజే అనే పెద్ద కంపెనీ, సామ్‌సంగ్ కుటుంబంలోంచి చీలిందే. పేదవాడి కోపాన్ని అమ్ముకున్నది ధనవంతుడే. చల్లపల్లి 'రైతుబిడ్డ' ముచ్చటే మళ్లీ. 2021లో వచ్చిన 'స్క్విడ్ గేమ్'లో అప్పుల్లో మునిగిన 456 మంది డబ్బు కోసం ఒకర్నొకరు చంపుకుంటారు. హీరో ఒకప్పుడు ఫ్యాక్టరీ సమ్మెలో దెబ్బతిన్నవాడు. 2009లో సాంగ్‌యాంగ్ మోటార్ కార్మికులు 77 రోజులు ఫ్యాక్టరీని పట్టుకుని నిలబడ్డ సమ్మే దానికి ఆధారం. నిజంలో జనం కలిసి నిలబడ్డారు. కథలో విడివిడిగా చచ్చారు. అదే కథలో జీతం ఎగ్గొట్టించుకున్న పాకిస్తానీ కూలీ అలీని చదువుకున్నవాడు నమ్మించి మోసం చేస్తాడు. ఆ వేషం వేసింది మన దేశపు నటుడే. కువైట్ పోయిన మన అక్కచెల్లెళ్ల కథ అది.

ఇంకో లోపం కూడా ఉంది. ఆ సీరియళ్లలో వీరుడు ఎక్కువ, సంఘం తక్కువ. ఒక బానిస అమెరికా పోయి అధికారవుతాడు, ఒక కటికోళ్ల బిడ్డ డాక్టరవుతాడు. వాడలో మిగిలిన వెయ్యిమంది సంగతి? వాళ్లని బయటికి తెచ్చింది జిన్జులో పెట్టిన సంఘం, దున్నేవాడికి వచ్చిన భూమి. ప్రేమకథలో ఇది కనబడదు. ఇక ఆ తెల్లటి చర్మాలు చూసి మన ఆడపిల్లలు క్రీములు కొనటం మొదలుపెడితే, ఒక దొరని వదిలి ఇంకో దొరకి దండం పెట్టినట్టే.

కాబట్టి కార్యకర్తలకి మా మాట ఇది. ఫోన్లు లాక్కోవద్దు. ఆదివారం సాయంత్రం అంబేద్కర్ సంఘం గదిలో, లేకపోతే చర్చి వరండాలో ఆ సినిమానే అందరికీ వెయ్యండి. అమ్మల్ని, పాలేళ్లని, కూలికి పోయొచ్చిన వాళ్లని కూర్చోబెట్టండి. అయిపోయాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ కథలో భూమి ఎవరిది? మాట ఎవరిది? గెలిచింది ఒక్కడా, నలుగురా? ఆ మూడే ప్రశ్నలు తర్వాతి వారం ఒక తెలుగు సినిమాకి అడగండి. రాజకీయ పాఠశాల అంటే అంతకన్నా ఏముంది?

పిల్లలకీ ఒక మాట. చూడటం వచ్చిన చేతికి తియ్యటం కూడా రావాలి. ఆ ఫోనులోనే కెమెరా ఉంది. మీ తాతని కూర్చోబెట్టి, పాలేరుతనం ఎట్లా మానాడో అడగండి. మీ నాయనమ్మని, ఏ బావి దగ్గర ఆపారో అడగండి. చుండూరు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మాట పట్టుకోండి. డప్పు కొట్టేవాడి చేతుల్ని దగ్గరగా తియ్యండి. కులం పేరు మింగొద్దు, రంగు పూసి దాచొద్దు. ఊరి పేరు, దొర కులం, ఎకరాల లెక్క అన్నీ చెప్పండి.

కొరియా కటికోళ్లు మాంసం తూచే త్రాసునే జెండా చేసుకున్నారు. మనకి డప్పు ఉంది, చెప్పు ఉంది, పార ఉంది. వాటిని తెర మీదికి తెచ్చే పని మన పిల్లలది. వాటి కింద నేల తెచ్చే పని సంఘానిది. రెండో పని జరక్కుండా మొదటిది నిలవదు.

జై భీమ్.